ఆర్కిటెక్చర్ నేర్చుకోవాలంటే ముందు మీ ఇల్లు కొలవండి

ఇంటర్ అయిపోయిన పిల్లలు, సివిల్ డిప్లొమా చేసి సైట్ల మీద తిరుగుతున్న తమ్ముళ్ళు, ఇల్లు కట్టబోయే ముందు కాస్త తెలుసుకుందాం అనుకునే పెద్దోళ్ళు, అనంతపురంలో నన్ను కలిసిన వాళ్ళలో సగం మంది అడిగేది ఒకటే, అన్నా ఆర్కిటెక్చర్ నేర్చుకోవాలంటే ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి అని. నేను చెప్పేది కూడా ఎప్పుడూ ఒకటే, ఐదు మీటర్ల స్టీల్ టేపు ఒకటి, గళ్ళ లెక్కల నోటుబుక్కు ఒకటి కొనుక్కొని ఇంటికి పోయి నువ్వు పడుకునే రూము కొలువు. ఆటోక్యాడ్, స్కెచప్ లాంటివి మూడు నెలల్లో ఎప్పుడైనా వస్తాయి. పది అడుగులంటే ఎంతో కంటికి తెలియకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటే మంచం పట్టని బెడ్రూము కూడా స్క్రీన్ మీద బ్రహ్మాండంగా కనిపిస్తుంది.

కొలవడం ఎట్లంటే, ముందు చేత్తో రూము ఆకారం ఉజ్జాయింపుగా గీసుకోండి, తర్వాత నాలుగు గోడల పొడవు, వాకిలి వెడల్పు, వాకిలి మూల నుంచి ఎంత దూరంలో ఉంది, కిటికీ నేల నుంచి ఎంత ఎత్తులో మొదలవుతుంది, స్లాబు ఎత్తెంత, అన్నీ ఆ బొమ్మ మీదే రాసుకుంటూ పోండి. ఒక మూల నుంచి ఎదురు మూలకి అడ్డంగా కూడా కొలవండి, రెండు అడ్డ కొలతలూ సమానంగా రాకపోతే రూము మూలమట్టంగా లేదని అర్థం, మన ఇళ్ళలో ఇది చాలా మామూలు. తర్వాత నోటుబుక్కులో ఒక గడి ఒక అడుగు అనుకొని నీట్‌గా గీయండి. ప్లాన్ అంటే ఇంటిని నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో కిటికీల మధ్య నుంచి అడ్డంగా కోసేసి, పైభాగం తీసి పక్కన పెట్టి, పైనుంచి చూస్తే కనిపించేది. సెక్షన్ అంటే కలింగర పండుని నిలువునా కోసినట్టు ఇంటిని కోసి పక్క నుంచి చూడటం. ఎలివేషన్ అంటే కోయకుండా బయట నిలబడి చూసేది. అందరూ ఎలివేషన్ గురించే మాట్లాడతారు గానీ ఇంటి గుట్టంతా సెక్షన్‌లో ఉంటుంది, వెలుతురు ఎక్కడి నుంచి దిగుతోంది, గాలి ఎట్ల పోతోంది, మెట్లెక్కేటప్పుడు తల తగులుతుందా, ఇవేవీ మిగతా రెండింట్లో తెలియవు.

నేను మొదట కొలిచింది తాడిపత్రి దగ్గర పల్లెలో మా అవ్వ మిద్దె. ఫస్టియర్ సెలవులు, ఎండాకాలం. బయట కొలిస్తే 23 అడుగులు, లోపల పడసాల 11, వంటిల్లు ఏడున్నర, రెండూ కలిపితే పద్దెనిమిదిన్నర. నాలుగున్నర అడుగులు ఎక్కడ పోయిందో అర్థం కాక రెండుసార్లు కొలిచినా, టేపులోనే ఏదో తప్పుందనుకున్నా. అవ్వ వాకిట్లో చింతపండు గింజ తీస్తా చూస్తా ఉండి, గోడలు లెక్కేసినావా అని అడిగింది. గోడలు! ఒక్కొక్కటి అడుగున్నర మందం, అటు ఒకటి ఇటు ఒకటి మధ్యలో ఒకటి, నాలుగున్నర అడుగులు. నేను గోడని ఒక గీతలాగా గీసినా. గోడకి మందం ఉంటుంది, అది కూడా స్థలం తింటుంది, దానికొక పని ఉంటుంది అని ఆ రోజు తెలిసింది. అందుకే చెప్తున్నా, మొదటి రోజు నుంచే గోడని రెండు గీతలతో గీయండి.

ఆ మందం పనేంటో చూద్దాం, ఎందుకంటే థియరీ అనేది ఇక్కడే మొదలవుతుంది. అవ్వ మిద్దెకి గోడలు నాపరాయి, మట్టి. పైన దూలాలు, దూలాల మీద కట్టెలు, వాటి మీద ఆకూ కంపా పరిచి పైన చౌడు మట్టి. చౌడు తడిస్తే బిగుసుకుంటుంది, నీళ్ళు కిందికి దిగనీదు, అందుకే ఏటా వానలకి ముందు మళ్ళీ ఒక పొర కొత్త చౌడు వేసేవాళ్ళు. మిద్దె మధ్యలో గవాచి, అంటే పైకప్పులో ఒక చిన్న రంధ్రం, వానొస్తే ఎవరో ఒకరు పైకెక్కి దాని మీద బండ మూసేవాళ్ళు. ఎండలో నుంచి లోపలికొస్తే ఒక నిమిషం ఏమీ కనిపించదు, తర్వాత మెల్లగా గవాచిలో నుంచి దిగే వెలుగు కనిపిస్తుంది, అందులో దుమ్ము తిరుగుతా ఉంటుంది, కింద నేల మీద చెయ్యంత వెలుగు మచ్చ. ఆ మచ్చ పొద్దున గోడ మీద ఉంటుంది, మెల్లగా కిందికి దిగి నేల మీద నడుస్తా పోయి, రోలు దగ్గరికి వచ్చిందంటే అవ్వ లేచి ఎసరు పెట్టేది. నేను ఒక రోజంతా గంటకోసారి ఆ మచ్చ చుట్టూ సుద్దతో గీత గీసి పక్కన టైము రాసినా. కాలేజీలో సూర్యుడి గమనం గురించి ఎన్ని క్లాసులు విన్నా రానిది ఆ సుద్ద గీతలతో వచ్చింది. మీ ఇంట్లో గవాచి లేకపోయినా కిటికీ ఉంటుంది కదా, ఆదివారం ఇదే పని చేయండి, డిసెంబర్‌లో ఒకసారి మే నెలలో ఒకసారి చేస్తే ఇంకా మంచిది.

మందమైన గోడ పగలంతా వేడి తాగుతుంది, లోపలి వైపుకి ఆ వేడి చేరేసరికి చాలా గంటలు పడుతుంది, ఆలోగా సాయంత్రం అయిపోయి బయట చల్లబడుతుంది. పక్కనే మా చిన్నాయన కట్టిన స్లాబు ఇల్లు, నాలుగైదు అంగుళాల కాంక్రీటు, అది మధ్యాహ్నం తాగిన వేడిని సరిగ్గా రాత్రి మనం పడుకునే వేళకి కిందికి వదులుతుంది. మే నెలలో చిన్నాయన వాళ్ళంతా మంచాలు తెచ్చుకొని అవ్వ ఇంటి ముందు పడుకునేవాళ్ళు. పాత మిద్దెలు మళ్ళీ కట్టండి అని నేను అనను, ఏటా చౌడు వేసే మనుషులు లేరు, తేళ్ళూ పాములూ దూరేవి, వెలుతురు చాలదు. కానీ అది ఎందుకు చల్లగా ఉండిందో తెలిస్తే స్లాబు ఇంట్లో ఏం చేయాలో తెలుస్తుంది, పైన తెల్ల సున్నం కొట్టడం గానీ, పగిలిన తెల్ల పింగాణీ ముక్కలు పరచడం గానీ. అహ్మదాబాద్‌లో బి.వి.దోషి తన ఆఫీసు సంగత్‌కి చేసింది అదే, పొడుగ్గా గొట్టాన్ని సగానికి కోసినట్టుండే కప్పుల మీద తెల్ల పింగాణీ ముక్కలు, ఎండ తిరిగి ఆకాశంలోకి పోతుంది. ఆయనకి 2018లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది, ఆర్కిటెక్చర్‌లో అంతకంటే పెద్దది లేదు, మన దేశంలో మొదట అందుకున్నది ఆయనే.

ఇప్పుడు బరువు సంగతి. దీనికి వంటింట్లోకి రండి. మన పక్క ప్రతి ఇంట్లో అలమరాలకి కడప బండలే కదా. మా పిన్ని వాళ్ళింట్లో ఐదడుగుల పొడవు బండ వేసి మధ్యలో ఆధారం పెట్టలేదు, దాని నడిమధ్యన బియ్యం డబ్బా పెట్టినారు, కొన్ని నెలలకి బండ విరిగింది. విరిగిన చోట చూస్తే పగులు కింది నుంచి మొదలై పైకి పోయింది. ఎందుకంటే బండ మీద బరువు పడితే అది కొంచెం వంగుతుంది, పైభాగం నొక్కుకుంటుంది, కింది భాగం సాగుతుంది. రాయి ఎంత నొక్కినా తట్టుకుంటుంది, సాగదీస్తే తట్టుకోలేదు. ఈ ఒక్క ముక్క అర్థమైతే ఇంజనీరింగ్ పుస్తకం తెరవకుండానే సగం కట్టడాలు చదవొచ్చు. కాంక్రీటు కూడా రాయిలాంటిదే, అందుకే బీములో అసలు కమ్మీలు కింది వైపు వేస్తారు, ఆ సాగే పని ఇనుము చూసుకుంటుంది. సన్‌షేడ్‌లో మాత్రం కమ్మీ పైన ఉండాలి, ఎందుకో మీరే ఆలోచించండి, ఒక స్కేలు టేబుల్ అంచున పట్టుకొని కొసని వంచి చూస్తే జవాబు కనిపిస్తుంది.

ఆ బండ ముక్క గుర్తు పెట్టుకొని తాడిపత్రి పోండి, పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుడి గుడి. అన్ని స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకున్నాయో ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు, రాతి దూలం దూరం దాటలేదు, దాటితే పిన్ని వాళ్ళ అలమరా అవుతుంది. అక్కడి గోపురాలు పూర్తి కాలేదు, కింది రాతి భాగం మాత్రం ఉంది, దాని మీద చెక్కడం చూస్తే కళ్ళు తిప్పుకోలేం. విజయనగరం కాలం గోపురాల్లో కింద రాయి, పైన అంతస్తులన్నీ ఇటుకా సున్నం, బరువైంది కింద, తేలికైంది పైన. పూర్తయిన గోపురం చూస్తే రంగుల కింద ఇది తెలియదు, ఆగిపోయింది చూస్తే తెలుస్తుంది. లేపాక్షి కల్యాణ మండపం కూడా అంతే, 16వ శతాబ్దంలో ఆగిపోయింది, కప్పు లేదు, ఆకాశం కింద స్తంభాలు నిలబడి ఉన్నాయి. లేపాక్షికి పోయినోళ్ళందరూ వేలాడే స్తంభం కింద నుంచి గుడ్డ లాగి ఫోటో దిగి వచ్చేస్తారు. మీరు ఆ స్తంభం పక్కన కాసేపు నిలబడి తల పైకెత్తండి, పైనున్న దూలం బరువు ఏ పక్క స్తంభాల మీదికి పోతోంది, అక్కడి నుంచి నేలకి ఎట్ల దిగుతోంది, వేలితో గాలిలో గీసుకుంటూ చూడండి. బరువు నడిచే దారి అంటారు దాన్ని, ఏ బిల్డింగ్ చూసినా మొదట వెతకాల్సింది అదే.

తర్వాత కర్నూలు పోయినప్పుడు హంద్రి ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి చూడండి, గోల్ గుమ్మజ్ అంటారు, 1618 నాటిది. అదే రాయి, అదే సున్నం, కానీ స్తంభాల అడవి లేదు, గుమ్మటం కింద విశాలంగా ఖాళీ. కమానులో, గుమ్మటంలో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, సాగే పని ఎవరికీ పడదు, అందుకే దూరం దాటగలిగింది. దానికి ధర కూడా ఉంది, కమాను కాళ్ళు బయటికి తోసుకుంటాయి, ఆ తోపుని ఆపడానికి మందమైన గోడలు కావాలి. అమెరికా ఆర్కిటెక్ట్ లూయీ కాన్ అహ్మదాబాద్ ఐఐఎంలో ఇటుక కమానుల కింద అడ్డంగా కాంక్రీటు పట్టీ వేసి ఆ రెండు కాళ్ళనీ కట్టేసినాడు, ఆ ఫోటో వెతికి చూడండి, గుమ్మజ్ చూసొచ్చిన కళ్ళతో చూస్తే ఒక్క చూపులో అర్థమవుతుంది. గండికోటకి పోతే మాధవరాయస్వామి గుడి, జామా మసీదు రెండూ ఒకే కోటలో ఉన్నాయి, స్తంభమూ దూలమూ ఒక చోట, కమాను ఒక చోట, ఒక్క మధ్యాహ్నంలో రెండు పాఠాలూ అయిపోతాయి. స్కెచ్ బుక్కు మర్చిపోవద్దు. ఫోటో తీస్తే చూసినట్టు అనిపిస్తుంది అంతే, గీస్తేనే చూస్తాం.

థియరీ పుస్తకాల్లో మొదటి పేరు విట్రూవియస్, రోమన్, క్రీస్తు పూర్వం ఒకటో శతాబ్దం వాడు, పది భాగాల పుస్తకం రాసినాడు. కట్టడానికి మూడుండాలన్నాడు, గట్టిగా నిలబడాలి, పనికి రావాలి, చూడముచ్చటగా ఉండాలి. ఈ మూడు ప్రశ్నలు పెట్టుకొని మీ వీధిలో పది ఇళ్ళ ముందు నిలబడి ఒక్కో ఇంటికి మూడు లైన్లు రాయండి, బాగుంది బాలేదు అనే మాటలు వాడకుండా. కష్టంగా ఉంటుంది, కానీ కట్టడాన్ని విమర్శించడం అంటే అదే. అమెరికాలో లూయీ సల్లివన్ 1896లో, రూపం ఎప్పుడూ పనిని అనుసరించే వస్తుంది అన్నాడు. మన దేశంలో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా డిజైన్లో వాతావరణాన్ని ముందుకి తెచ్చినాడు, అహ్మదాబాద్‌లో ఆయన ఒకప్పుడు కట్టిన ట్యూబ్ హౌస్ సెక్షన్ బొమ్మ చూస్తే వేడి గాలి వాలు కప్పు వెంబడి పైకి జారి బయటికి పోయేట్టు ఉంటుంది, నాకు అది చూసినప్పుడల్లా అవ్వ గవాచి గుర్తొస్తుంది. ఫ్రాన్స్ ఆర్కిటెక్ట్ లె కార్బూజియే చెప్పిన ఐదు సూత్రాల్లో అసలైంది ఏంటంటే, బరువు కాలమ్‌లు మోస్తే గోడ ఎక్కడైనా పెట్టుకోవచ్చు. పారిస్ దగ్గర విల్లా సవోయ్, 1931, దానికి ఉదాహరణ అంటారు. మీ కొత్త ఇంట్లో ఇది రోజూ చూస్తున్నారు, కాలమ్‌లున్న ఇంట్లో మధ్య గోడ తీసేయొచ్చు, అవ్వ మిద్దెలో తీస్తే కప్పు కూలుతుంది. తిరువనంతపురంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఇటుకల్ని నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి గోడ కట్టినాడు, ర్యాట్ ట్రాప్ బాండ్ అంటారు, ఇటుకలు తక్కువ పడతాయి, ఖాళీలో ఉండే గాలి వేడిని ఆపుతుంది. ఒక పేరు చదివితే ఒక కట్టడం బొమ్మ గీయండి, లేకపోతే పేర్లు పరీక్ష కోసం బట్టీ కొట్టినట్టు అయిపోతుంది.

మనిషి కొలతలు మాత్రం బట్టీ కొట్టినా తప్పు లేదు. మెట్టు ఎత్తు ఆరంగుళాలు, పాదం పెట్టే చోటు పది నుంచి పన్నెండు. ఎత్తుని రెండుసార్లు కలిపి పాదం వెడల్పు కలిపితే 22 నుంచి 25 అంగుళాల మధ్య రావాలి, ఫ్రాన్స్‌లో 17వ శతాబ్దం నుంచీ ఉన్న లెక్క, అది మనిషి అడుగు పొడవు నుంచి వచ్చింది. పది అడుగుల అంతస్తుకి ఆరంగుళాల లెక్కన 20 ఎత్తులు, 19 పాదాలు, పది అంగుళాలైనా దాదాపు 16 అడుగుల పొడవు కావాలి. స్థలం లేదని మూడు సెంట్ల ఇళ్ళలో ఎనిమిదంగుళాల మెట్లు కట్టేస్తున్నారు, అవ్వ చిన్నాయన ఇంటి మిద్దె మీదికి ఒక్కసారి కూడా ఎక్కలేదు, ఆ మెట్లే కారణం. ఇది నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, నాలుగడుగుల స్థలం కోసం ఒక మనిషికి ఆకాశం లేకుండా చేసినాం.

ఇప్పుడు డిజైన్. మూడు సెంట్లంటే 1,307 చదరపు అడుగులు, ముప్పై అడుగుల వెడల్పు, నలభై మూడున్నర పొడవు అనుకోండి, రోడ్డు తూర్పున. గీయడానికి ముందు స్థలంలో ఒక కర్ర పాతి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీడ గుర్తు పెట్టండి. అనంతపురంలో ఏప్రిల్ చివర, మళ్ళీ ఆగస్టు రెండో వారంలో మధ్యాహ్నం ఎండ నెత్తి మీదే ఉంటుంది, ఆ మధ్య నెలల్లో కొంచెం ఉత్తరానికి పోతుంది, డిసెంబర్‌లో బాగా దక్షిణానికి వంగుతుంది. దక్షిణం కిటికీకి రెండడుగుల సజ్జ, అంటే సన్‌షేడ్, వేస్తే డిసెంబర్ మధ్యాహ్నం రెండున్నర అడుగుల నీడ పడుతుంది, సరిపోతుంది. పడమర కిటికీకి అదే సజ్జ మే నెల సాయంత్రం నాలుగున్నరకి ఒక అడుగు నీడ మాత్రమే ఇస్తుంది, ఎండ నేరుగా లోపలికి వచ్చి ఎదురు గోడని కాలుస్తుంది. నేను మొదట గీసిన ఇంట్లో అందంగా ఉంటుందని పడమరకి పెద్ద అద్దాల కిటికీ పెట్టినా, ఇంటావిడ మొదటి వేసవికే దానికి దుప్పటి కట్టేసింది. ఆ దుప్పటి చూసిన రోజు నుంచి పడమర వైపు స్టోరు, బాత్రూము, మెట్లు పెడుతున్నా, అవి ఎండ తాగి లోపలి రూముల్ని కాపాడతాయి. కాన్ కూడా మనుషులుండే గదులు, వాటికి సేవ చేసే గదులు అని విడదీసి ఆలోచించేవాడు, మన ఎండకి ఆ ఆలోచన చక్కగా పనికొస్తుంది.

గాలి జూన్ నుంచి పడమర, నైరుతి వైపు నుంచి వస్తుంది, రామగిరి కొండల మీద గాలిమరలు ఉన్నది ఆ గాలి కోసమే. వాస్తు ప్రకారం వంట ఆగ్నేయంలో ఉండాలంటారు కదా, పొగ పొయ్యిల కాలంలో ఆగ్నేయంలో పొయ్యి ఉంటే ఆ గాలికి పొగ ఇంట్లోకి రాకుండా బయటికి పోతుంది, పొద్దున్నే వెలుతురు కూడా పడుతుంది. వాస్తుని తిట్టడమూ వద్దు, గుడ్డిగా గీయడమూ వద్దు, ప్రతి నియమం దగ్గరా ఆగి ఇది ఎండకా గాలికా నీళ్ళకా అని అడగండి, కొన్నింటికి జవాబు దొరుకుతుంది, కొన్నింటికి దొరకదు. ఇంట్లో పెద్దోళ్ళు కావాలంటే ఆ రెండోవి కూడా పాటించండి, వాళ్ళ మనశ్శాంతి కూడా ఇంటి అవసరాల్లో ఒకటే.

గదుల్ని మొదట డబ్బాలుగా గీయొద్దు, గుండ్రాలు గీయండి, ఏ గుండ్రం పక్కన ఏది ఉండాలి, వంటింట్లో నిలబడితే వాకిట్లో ఆడుకునే పిల్లలు కనిపించాలా, అవ్వ మంచం నుంచి బాత్రూముకి ఎన్ని అడుగులు, చెప్పులు ఎక్కడ విప్పుతారు, బియ్యం బస్తా ఎటు నుంచి వస్తుంది. ఇవి తేలినాక కొలతలేయండి. తలుపు తెరుచుకునే వంపు కూడా గీయండి, మంచానికి తగులుతుందో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఒక్క ప్లాన్‌తో ఆగొద్దు, అదే స్థలానికి కనీసం ఐదు గీయండి, నాకైతే మొదటి రెండూ ఎక్కడో చూసినవే వస్తాయి, మూడో దాని నుంచి నా ఆలోచన మొదలవుతుంది.

ఇదే వృత్తిగా తీసుకోవాలనుకుంటే బి.ఆర్క్ ఐదేళ్ళు, నాటా అనే ప్రవేశ పరీక్ష గానీ జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపరు గానీ రాయాలి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయితేనే ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోవాలి. నేర్చుకోవడానికి మాత్రం ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

చివరగా మోడల్. పెళ్ళి కార్డులూ చెప్పుల డబ్బాల అట్టలూ దాచుకోండి. ఒక అడుగుకి పావు అంగుళం లెక్కన గోడలు కోసి ఫెవికాల్‌తో నిలబెట్టండి, కప్పుని మాత్రం అతికించొద్దు, తీసి పెట్టుకునేట్టు ఉంచండి. మోడల్‌లో తూర్పు ఎటో గుర్తు పెట్టి, రాత్రి లైట్లార్పి, ఫోన్ టార్చి పట్టుకొని సూర్యుడు తిరిగినట్టు తూర్పు నుంచి పడమరకి మెల్లగా తిప్పండి, ఒక కన్ను మూసి కిటికీ ఎత్తులో నుంచి లోపలికి చూడండి. ఏ గదిలో అసలు వెలుగు పడలేదో చూసుకొని, ఆ గది పైన కప్పులో పెన్నుతో ఒక చిన్న రంధ్రం పొడిచి మళ్ళీ తిప్పండి.